మా అత్త నోరు

మొన్న శనివారం మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ప్రిన్సిపాల్ సారు నా చేతికి ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. హోంవర్కు గురించి, పొద్దున ఆలస్యంగా రావడం గురించి, పిల్లల గోళ్ళు తీయించడం గురించి అందులో ఉంది. చివర్లో, ఇంట్లో పిల్లల ముందు చెడ్డమాటలు మాట్లాడవద్దని ఉంది. పదిహేనేళ్ళుగా పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు నాది. ఇట్లాంటి కాగితాలు ఎన్ని చదివానో నాకే గుర్తులేదు. ఉన్నది ఉన్నట్టు చదివేసి కూర్చోబోతుంటే వెనక నిలబడిన ఒక ముసలామె చెయ్యెత్తింది. మనవడి తరఫున వచ్చినట్టుంది.

"ఏ మాటలు మాట్లాడగూడదో అవి గూడా చదువమ్మా. తెలిస్తే కదా మానుకునేది," అంది.

గదిలో అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి, "మీకు తెలుసులే అవ్వా, కూచోండి," అన్నారు. ఆమె ఎగతాళికి అడగలేదు. ఆ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నాకు నవ్వు రాలేదు. పదేళ్ళ కిందట మా అత్త నన్ను ఇదే ప్రశ్న అడిగింది.

మా అత్త పోయి మూడేళ్ళయింది.

దోర్నాలలో శ్రీశైలం దారి మొదట్లో ఆమెకు ఒక హోటలు ఉండేది. నాలుగు గుంజల మీద రేకులు, ఆరు బల్లలు, అంతే. పేరు లేదు, బోర్డు లేదు. లారీల వాళ్ళు దాన్ని తిట్ల హోటలు అనేవాళ్ళు. అడవిలోకి పోయే గేటు తెల్లవారి ఆరింటికి గానీ తీయరు కాబట్టి, అంతకు ముందే వచ్చిన బస్సులూ కార్లూ రోడ్డు పక్కన వరసగా ఆగి ఉండేవి. వాటిలోంచి కళ్ళు నులుముకుంటూ దిగినవాళ్ళందరికీ మొదట వినపడేది మా అత్త గొంతే.

"కూచోని తినరా నీ దుంప తెగ, నిలబడి తింటే ఎట్ల అరుగుతాది?"

అది ఆమె స్వాగతం. కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. పాతవాళ్ళు కొత్తవాళ్ళను చూసి నవ్వుకునేవాళ్ళు. శివరాత్రి ముందు మాల వేసుకొని నడిచిపోయే స్వాములు గుంపులు గుంపులుగా వచ్చేవాళ్ళు. వాళ్ళను తిట్టకూడదని ఆమెకు తెలుసు. అందుకని చివర స్వామీ అని చేర్చేది. "నీ దుంప తెగ స్వామీ, కాళ్ళు చూడు ఎట్ల బొబ్బలెక్కినాయో, ముందు ఆ బల్ల మీద కూచో," అనేది. స్వామి అన్న మాట చేరిస్తే ఆ దోషం పోయినట్టేనని ఆమె లెక్క. వేడినీళ్ళు కాచి బకెట్లో పోసి, ఆ కాళ్ళు అందులో పెట్టుకోమనేది. వాళ్ళు కూడా తప్పు పట్టినట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఆమె తిట్లలో మెట్లుండేవి. నచ్చినవాళ్ళకు, పిల్లలకు, పిల్లులకు, పొంగిపోతున్న పాలకు నీ దుంప తెగ. తాగి వచ్చినవాళ్ళకు, ఇడ్లీ పారేసేవాళ్ళకు ముదనష్టపోడా, నీ పాడె గట్ట. ఆ పైన ఇంకో మూడో నాలుగో ఉండేవి. అవి నేను రాయలేను. ఏడాదికి రెండుసార్లు కూడా బయటికి వచ్చేవి కావు. వచ్చినప్పుడు మాత్రం షెడ్డంతా ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయేది. తిట్టేటప్పుడు ఆమె మనిషి ముఖం చూడదు. పెనం వైపు చూస్తూ, దోసె తిరగేస్తూ, ఉల్లిపాయ ముక్కలు చల్లుతూ తిట్టేది. నోరు ఎంత పనిచేసినా చెయ్యి ఆగేది కాదు. నిజంగా కోపం వస్తే అసలు తిట్టదు. అప్పుడు మీరు, అండీ, అయ్యా వచ్చేవి. ఆమె నోట మీరు అన్న మాట వచ్చిందంటే తిన్నది దించుకోకుండానే లేచిపోయినవాళ్ళను చూశాను.

నేను పుట్టింది పొదిలిలో, బట్టల దుకాణం వాళ్ళ ఇంట్లో. మా నాయన నోట గాడిద అన్న మాట కూడా నేను వినలేదు. ఆయనకు కోపం వస్తే శివశివా అని కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు. మా ఇంట్లో చెడ్డమాటకు పేరు లేదు. ఆ మాట అని మాత్రం అనేవాళ్ళు. "వీడు ఆ మాట అన్నాడు," అని ఎవరైనా చాడీ చెబితే, మా అవ్వ వాడి నోట్లో పసుపునీళ్ళు పోసి పుక్కిలించమనేది. సాయంత్రం దాకా వంటింట్లోకి రానిచ్చేది కాదు. కాబట్టి చాలా ఏళ్ళు చెడ్డమాటలంటే ఒకే ఒక మాట, అది ఏదో పెద్దవాళ్ళకు మాత్రమే తెలుసు అనుకునేదాన్ని.

అట్లాంటి ఇంట్లోంచి నేను దోర్నాలకు కోడలిగా వచ్చాను. అబ్బాయి నెమ్మదస్తుడు, బండ్ల సామాను దుకాణం పెట్టుకున్నాడు, దురలవాట్లు లేవు అని మా వాళ్ళు చూసుకున్నారు. అత్త నోటి సంగతి ఎవరూ చెప్పలేదు. పెళ్ళి మూడు రోజులూ ఆమె నోట్లో వక్క పెట్టుకొని మూగదానిలా కూర్చుంది. మా ఆయన ముందే బతిమాలి ఒప్పించాడట. మా అమ్మ మురిసిపోయింది, వియ్యపురాలు ఎంత నిదానస్తురాలో అని. మూడో రోజు దోర్నాలలో కారు దిగుతుంటే నా చీర కొంగు తలుపులో ఇరుక్కొని ముందుకు తూలాను. ఆమె పరుగున వచ్చి పట్టుకుంది.

"నీ దుంప తెగ, మెల్లగ దిగవే, పడతావు," అంది.

అత్తగారింట్లో నాకు దక్కిన మొదటి మాట అది. ఆ రోజు చాటుగా ఏడ్చాను కూడా.

పాప పుట్టాక నేను మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టాను. పాప హోటల్లోనే పెరిగింది. పొయ్యికి దూరంగా, బియ్యం బస్తాల పక్కన చాప వేసి కూర్చోబెట్టేది మా అత్త. మాటలు వచ్చే వయసులో రోజంతా దాని చెవిన పడేవి ఏ మాటలో చెప్పక్కర్లేదు. ఇంట్లో నేను ఎంత జాగ్రత్తగా మాట్లాడితే ఏం లాభం? యూకేజీలో ఉన్నప్పుడు ఒకరోజు వాళ్ళ టీచరు రంగుల పెన్సిళ్ళు పంచుతుంటే, పాప వరసలో నిలబడి చెయ్యి చాచి, "నీ దుంప తెగ, తొందరగా ఇయ్యి," అంది. నేను పాఠం చెప్పే బడిలోనే. మధ్యాహ్నానికల్లా ఆయాల దగ్గర్నించి ఆఫీసు గది దాకా అందరికీ తెలిసిపోయింది. ఎవరూ కోప్పడలేదు. నవ్వారు. కోప్పడి ఉంటే తలవంచుకొని క్షమించమని అడిగేదాన్ని. ఆ నవ్వుకు ఏం చేయాలో తెలియలేదు.

సాయంత్రం నేరుగా హోటలుకు పోయాను. ఆమె గ్రైండరులో పిండి తిప్పుతూ ఉంది. పాప ముందు ఆ మాటలు మానాలి, లేకపోతే పాపను ఇక్కడికి పంపను అని చెప్పాను. దారి పొడుగునా కూడబలుక్కొని వచ్చిన మాటలు కాబట్టి తడబడకుండా చెప్పగలిగాను. ఆమె గ్రైండరు ఆపింది.

"ఏ మాటలు?"

"అవే అత్తా. తిట్లు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె చేతికంటిన పిండి గ్రైండరు అంచుకు రాసి, నా ముందుకు వచ్చి నిలబడింది. "ఒక్కొక్కటే చెప్పు. నాకు ఏది తిట్టో ఏది మాటో తెలవదు. ముప్పై ఏళ్ళ నించీ ఇట్లనే మాట్లాడతన్నా. నువ్వు సదువుకున్నదానివి. నువ్వు చెప్తే మానుకుంటా."

నేను నోరు తెరిచాను. ఒక్కటి కూడా బయటికి రాలేదు. పసుపునీళ్ళ భయంతో పెరిగిన నోరు నాది.

"నువ్వు చెప్పనే చెప్పలేవు, నేనెట్ల గుర్తు పెట్టుకునేది అమ్మాయ్," అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. ఎంతో కష్టమైన పని అప్పజెప్పినట్టు నిట్టూర్చి మళ్ళీ గ్రైండరు వేసింది.

మర్నాటి నుంచే మొదలుపెట్టింది. పాప హోటల్లో ఉన్నంతసేపూ నోట్లో వక్క. అప్పటికీ నోరు ఆగకపోతే, దుంప తెగ అనబోయి నీ ఇల్లు బంగారం గాను అనేది. అదే గొంతు, అదే విసురు. ఆ దారిలో ఏళ్ళ తరబడి తిరుగుతున్న ఒక లారీ డ్రైవరు ఇడ్లీ పళ్ళెం పట్టుకొని లేచి నిలబడ్డాడు, తానేం తప్పు చేశానో చెప్పమని. పాప అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "అవ్వా, నీకు ఒంట్లో బాగలేదా?" అని అడిగింది. నేను అది విని నవ్వాను, రాత్రి మా ఆయనకు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటి సమస్య ఒకటి తీరిపోయిందని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది.

రాను రాను బంగారం మాట కూడా పోయింది. నాలుగింటికి బడి ఆటో వచ్చే వేళకు ఆమె గడియారం వైపు చూసుకొని మాట్లాడటం ఆపేసేది. పాప ఆదివారాలు కూడా అక్కడే ఉండేది కాబట్టి ఆదివారాలు మౌనమే. లారీల వాళ్ళు, "ఏందమ్మా, అలిగినావా?" అని అడిగి, జవాబు రాక, తిని పోయేవాళ్ళు.

కార్తీక మాసంలో ఒక ఆదివారం రద్దీ ఎక్కువగా ఉందని నేను వడ్డించడానికి పోయాను. ఒక కారులోంచి ఐదుగురు కుర్రవాళ్ళు దిగారు. మంచి బట్టలు, మెడలో కొత్త కండువాలు. నేను వంగి చట్నీ వేస్తుంటే ఒకడు పక్కవాడితో నా గురించి ఒక మాట అన్నాడు. మెల్లగా కాదు. నాకు వినపడాలనే అన్నాడు. ఆ మాట అర్థం కావడానికే నాకు కొంచెం సేపు పట్టింది.

పొయ్యి దగ్గర మా అత్త చెయ్యి ఆగింది. అన్నేళ్ళలో పెనం మీద దోసె ఉండగా ఆమె చెయ్యి ఆగడం నేను చూడలేదు. తలెత్తి వాడి ముఖంలోకి చూసింది. నోరు తెరిచింది. అంతలో బస్తాల పక్కన బొమ్మకు రంగులేసుకుంటున్న పాప మీద ఆమె కన్ను పడింది. అక్కడినుంచి నా వైపు చూసింది.

ఆమె అడుగుతోంది. ఆ చూపు నాకు బాగా తెలిసింది. నేను తల ఊపితే చాలు. ఊపలేదు. చట్నీ బకెట్టు పట్టుకొని తలవంచుకొని లోపలికి పోయాను. వెనకనుంచి ఆమె గొంతు వినపడింది.

"మీరు తిని లేవండయ్యా."

తెలిసినవాళ్ళైతే ఆ మాటకే పారిపోయేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు? ఒకడు ఆమె మాటనే దీర్ఘం తీసి మళ్ళీ అన్నాడు. అందరూ నవ్వారు. నెమ్మదిగా తిని, నెమ్మదిగా చేతులు కడుక్కొని పోయారు. పెనం మీద దోసె మాడిపోయింది.

ఆ మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఇద్దరం వెనక తొట్టి దగ్గర కూర్చొని గిన్నెలు కడుగుతున్నాం. ఆమె నా ముఖం చూడకుండా చెప్పింది. మా మామ ఎట్లా పోయాడో, ఆ హోటలు ఎట్లా పెట్టిందో నాకు అంతకుముందే తెలుసు. ఆ రోజు చెప్పింది వేరు. మామ పోయేసరికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు, మా ఆయనకు మూడు. హోటలు పెట్టిన కొత్తలో ఒకడు రోజూ వచ్చేవాడట. టీ గ్లాసు అందిస్తుంటే గ్లాసుతో పాటు వేళ్ళు పట్టుకునేవాడు. నెల రోజులు ఏమనాలో తెలియక లోపలికి పోయి ఏడ్చిందట. ఆమెకూ తిట్లు రావు అప్పుడు. బల్లల మీద లారీ క్లీనర్లు ఒకరినొకరు అనుకునే మాటలు విని, పొయ్యి దగ్గర తనలో తాను అనుకొని నేర్చుకుందట, మంత్రం నేర్చుకున్నట్టు.

"ఒకరోజు అందరి ముందర అనేసినా. నా నోట్లోంచేనా వచ్చింది అనిపించింది. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి పోయినాడు. మళ్ళ రాలేదు. ఇంకెవడూ నా జోలికి రాలేదు," అంది. కాసేపు గిన్నె తోమి, "నాకు మొగుడు లేకపాయె, అన్నదమ్ములు లేకపాయె. ఉండింది అదొకటే. దాన్ని నువ్వు ఇడిపిచ్చినావు. పర్లేదులే, బిడ్డ బాగుండాల," అంది.

ఆ షరతు వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క మాట అంటే సరిపోయేది. గిన్నెలు కడగడం అయిపోయింది, లేచి ఇంటికి వచ్చాను. మర్నాడు చెబుదాం అనుకున్నాను. మర్నాడు బడి ఉంది. ఆ తర్వాత ఏదో పరీక్షలు. ఆ మాట అట్లానే ఉండిపోయింది. ఆమె అదే పద్ధతిలో మరో మూడేళ్ళు హోటలు నడిపింది. ఆమె నోరు మెత్తబడిందని ఆ దారిన పోయేవాళ్ళకు తెలిసిపోయింది. తిని పోయేవాళ్ళ మాటల్లో చనువు పెరిగింది. ఆమె వయసుకు కూడా మర్యాద ఇవ్వనివాళ్ళు వచ్చేవాళ్ళని తర్వాత ఎప్పుడో మా ఆయన చెబితే విన్నాను.

పాప నాలుగో తరగతిలో ఉండగా ఒక తెల్లవారుజామున పొయ్యి దగ్గరే ఆమె కుడి చెయ్యి పడిపోయింది. గరిటె జారిపోతే, వంగి తీసుకోబోయి ఒరిగిపోయిందట. మార్కాపురం తీసుకుపోతే అక్కడినుంచి ఒంగోలు పంపారు. పక్షవాతం అన్నారు. ప్రాణం నిలబడింది గానీ మాట పోయింది. పన్నెండు రోజులు ఆమె నోట శబ్దం లేదు. కళ్ళు మాత్రం మా వెంట తిరిగేవి.

పదమూడో రోజు నర్సమ్మ సూది గుచ్చింది.

"నీ దుంప తెగ," అంది మా అత్త.

స్పష్టంగా, ఒక్క అక్షరం తప్పకుండా. మా ఆయన మంచం పట్టీ పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నర్సమ్మ కూడా నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. అమ్మకు మాట వచ్చిందని దోర్నాలకు ఫోన్లు చేశాం. సాయంత్రానికి గానీ మాకు తెలియలేదు, వచ్చింది ఆ ఒక్క మాటే అని. నీళ్ళు అన్న మాట లేదు. కొడుకు పేరు లేదు. మిగతా తిట్లు కూడా లేవు. ఏం చెప్పబోయినా, ఎంత ప్రయత్నించినా, చివరికి నోట్లోంచి వచ్చేది అదే. కొందరికి ఇట్లా జరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆలోచించి చెప్పే మాటలు పోతాయట, ఆలోచన లేకుండా అలవాటుగా వచ్చేవి ఒకటో రెండో మిగులుతాయట. కొందరికి దేవుడి పేరు మిగులుతుందన్నాడు. మా అత్తకు ఇది మిగిలింది.

హోటలు మూతపడింది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమెకు మంచం వేశాం. అట్లా రెండేళ్ళు.

ఆ రెండేళ్ళ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పొద్దున ఐదింటికి లేచి ఆమెకు ఒళ్ళు తుడవడం, పక్కబట్టలు మార్చడం, వంట, బడి, మధ్యాహ్నం పరుగున వచ్చి జావ తాగించడం, మళ్ళీ బడి, సాయంత్రం మళ్ళీ పక్కబట్టలు. మా ఆయన చేతనైనంత చేసేవాడు. ఎత్తి కూర్చోబెట్టడానికి ఆయన కావాలి. మిగతా అంతా నాదే. ఆమె నీ దుంప తెగ అనేది. నేను నీళ్ళు ఇచ్చేదాన్ని. తల అడ్డంగా తిప్పి మళ్ళీ నీ దుంప తెగ అనేది. దుప్పటి కప్పేదాన్ని. అదీ కాదు. ఒక్కోసారి ఏడెనిమిది రకాలు చేసి చూశాక దొరికేది ఆమె అడిగింది. ఒక్కోసారి దొరికేదే కాదు. ఆమె కళ్ళు మూసుకునేది.

పాపకు మాత్రం తెలిసేది. ఎట్లా తెలిసేదో నాకు తెలియదు. బస్తాల పక్కన చాప మీద కూర్చొని ఐదేళ్ళు ఆ గొంతు విన్నందుకేమో. బడి నుంచి వచ్చి సంచీ పడేసి మంచం మీద అవ్వ పక్కన కూర్చునేది. వంటింట్లో ఉన్న నాకు అక్కడినుంచే చెప్పేది. "అమ్మా, అది నీళ్ళ దుంప తెగ కాదు. పక్కకు తిప్పమనేది." లేదా, "ఇది నాయనను పిలవమనేది." వెళ్ళి చూస్తే అదే నిజమయ్యేది. ఒకప్పుడు నేను ఏ మాట పాప చెవిన పడకూడదని కట్టడి చేశానో, ఇప్పుడు ఆ మాటకు అర్థం చెప్పమని రోజుకు పదిసార్లు పాపనే పిలిచేదాన్ని.

మా నాయన పొదిలి నుంచి చూడటానికి వచ్చాడు. ఆయన వస్తున్నాడంటే నాకు భయమేసింది. ఈ వయసులో ఆయన ఎట్లా వింటాడు ఆ మాట అని. ఆయన మంచం పక్కన కుర్చీలో కూర్చొని, ఎట్లా ఉన్నావమ్మా అని అడిగాడు. ఆమె ఆయన వైపు చూసి, ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి, ఆ మాటే అన్నది. మా నాయన కళ్ళజోడు తీయలేదు, శివశివా అనలేదు. రెండు చేతులూ ఎత్తి ఆమెకు తిరిగి దండం పెట్టాడు. బస్సు ఎక్కేటప్పుడు నాతో, "బాగా చూసుకుంటన్నావు తల్లీ," అని మాత్రం అన్నాడు.

నేను బాగా చూసుకోలేదు. అది నాకు తెలుసు.

ఆమె పోవడానికి ఐదారు నెలల ముందు, ఎండాకాలం. ఒంటిపూట బళ్ళు. పరీక్ష పేపర్లు ఇంటికి తెచ్చుకొని దిద్దుతున్నాను, మర్నాటికల్లా మార్కులు వేసి ఇవ్వాలి. కరెంటు లేదు. పొద్దున్నించి ఆమె రెండుసార్లు పక్క పాడుచేసుకుంది. రెండుసార్లూ ఒక్కదాన్నే ఒరిగించి, తుడిచి, మార్చాను. మా ఆయన సామాను కోసం మార్కాపురం పోయాడు. మూడు దాటాక రాగిజావ కలిపి తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె నీ దుంప తెగ అని ఎడమచేత్తో గ్లాసు తోసింది. పట్టుకొని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట అని తోసింది. జావంతా ఎగిరి మంచం పక్కన పెట్టుకున్న పేపర్ల మీద పడింది.

నేను అరిచాను. నా గొంతు అంత పైకి పోతుందని నాకే తెలియదు.

"ఎందుకిట్లా నన్ను చంపుతావు? నువ్వు పోతే నీకూ సుఖం, నాకూ సుఖం. ఎప్పుడు పోతావు నువ్వు?"

అందులో ఒక్క చెడ్డమాట లేదు. మా అవ్వ విన్నా పసుపునీళ్ళు తెచ్చేది కాదు. పిల్లల ముందు మాట్లాడకూడని మాటల కాగితం ఎవరు రాసినా అందులో ఇవి ఉండవు. తల తిప్పి చూస్తే, పక్కింటికి ఆడుకోవడానికి పోయిన పాప గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, మొత్తం విన్నది.

మా అత్త నన్నే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు లేవు, కోపం లేదు. ఎడమచెయ్యి చాచి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. మెల్లగా, దాదాపు వినపడనంత మెల్లగా, "నీ దుంప తెగ," అంది.

"తిట్టు," అన్నాను. "తిట్టు అత్తా. ఎంత తిట్టినా తక్కువే నన్ను." అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను.

పాప లోపలికి వచ్చింది. నా పక్కన కూర్చోలేదు, నన్ను ఓదార్చలేదు. పదకొండేళ్ళ పిల్ల, ముఖం గట్టిగా పెట్టుకొని, పేపర్లు ఒక్కొక్కటే దులుపుతూ చెప్పింది.

"తిట్టడం లేదమ్మా. అన్నం తిన్నావా అని అడుగుతా ఉంది. నేను వచ్చినప్పటి నించి అదే అడుగుతా ఉంది."

నేను తినలేదు. పొద్దున టీ తాగాను, అంతే. నాలుగు కావస్తోంది. తినలేదన్న సంగతి నాకే గుర్తులేదు.

లేచి ముఖం కడుక్కొని వచ్చాను. కుండలో మిగిలిన అన్నం, పప్పు పళ్ళెంలో పెట్టుకొని ఆమె మంచం పక్కనే కింద కూర్చున్నాను. ఆమె నా చేతి వంక చూస్తూ ఉంది. నేను ఆగితే చూపుతోనే మళ్ళీ తినమంటోంది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆ చూపు తిప్పలేదు. పాప తడిసిన పేపర్లను కిటికీ ఊచలకు ఆరేసింది.

చెయ్యి కడుక్కొని జావ మళ్ళీ కలిపి తెచ్చాను. ఈసారి ఆమె గ్లాసు తోయలేదు.